పన్నెండు ఫిర్యాదులు కావలెను

బస్టాండు ఎదురు సందులో ఉన్న పద్దెనిమిది మంచాల చవక లాడ్జిలో పందొమ్మిదేళ్లుగా ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదన్న దారుణం ఈ మధ్యనే వెలుగులోకి వచ్చింది. వసతి గృహాల పర్యవేక్షక శాఖ దీన్ని తీవ్రంగా పరిగణించింది. శాఖ తీవ్రంగా పరిగణించిందంటే ఆషామాషీ కాదు. మొదట ఒక ఉత్తరం వస్తుంది. అది అందిందా లేదా అని రెండో ఉత్తరం వస్తుంది. అందిందని మనం రాసిన జవాబు తమకు అందలేదని మూడో ఉత్తరం వస్తుంది. ఈ లాడ్జికి మూడూ ఒకే రోజున, ఒకే కవరులో వచ్చాయి.

లాడ్జి నడిపే ఆవిడను ఊళ్లో అందరూ మేనేజరమ్మ అంటారు. యజమాని ఆవిడే, మేనేజరు ఆవిడే, దుప్పట్లు ఉతికేది ఆవిడే, మెట్ల మలుపులో "తల జాగ్రత్త" అని కేకేసేది కూడా ఆవిడే. భర్త పోతూ ఆమె చేతిలో పెట్టిపోయింది ఆ లాడ్జి ఒక్కటే. కింద హాల్లో వరసగా పన్నెండు మంచాలు, పైన రెండేసి మంచాల గదులు మూడు, కౌంటరు వెనక అర గది. ఆ అర గదిలోనే ఆవిడ కాపురం. లాడ్జి పోతే ఇక మిగిలేది ఊరి చివర మరిది ఇంట్లో, తోడికోడలి కుట్టుమిషను పక్కన పరిచే చాప. తోడికోడలు మంచిదే. కానీ ఒకరి పంచన బతకడమన్న మాట తలుచుకుంటేనే మేనేజరమ్మకు గుండె జారిపోయేది.

ఆవిడ లాడ్జిలో దుప్పటి మడతలు చూస్తే పడుకోవడానికి మొహమాటం వేసేది. కుళాయి చిటికెన వేలితో తిప్పినా ఠక్కున కట్టేది. బల్బు మాడిపోబోతోందని బల్బు కంటే ముందు ఆవిడకు తెలిసిపోయేది. ఇక శాఖ వారి నిబంధనలంటే వల్లమాలిన గౌరవం. మూడేళ్ల కిందట ప్రతి దిండుకూ వరస సంఖ్య వెయ్యాలని ఆదేశం వస్తే పద్దెనిమిది దిళ్ల మీదా ఎర్రదారంతో అంకెలు కుట్టింది. మరుసటేడు, అద్దంలో మొహం చూసుకునేవారు ఎప్పుడు చూసుకున్నదీ, ఎలా కనిపించినదీ రిజిస్టరులో రాయాలన్నారు. అద్దం కింద మేకు కొట్టి రిజిస్టరు వేలాడదీసి, తను తల దువ్వుకున్నప్పుడల్లా పొల్లుపోకుండా రాసుకుంది. కిందటేడు గోడ గడియారాలన్నీ పది నిమిషాలు వెనక్కి జరపాలన్నారు. జరిపింది. ఆ పది నిమిషాల పుణ్యమా అని వారానికి ముగ్గురు నలుగురికి బస్సు తప్పిపోయేది. వాళ్లు తర్వాతి బస్సుకు వెళ్లేవారు. ఎందుకిలా అని ఒక్కరూ అడగలేదు. ఎందుకని అడిగే అలవాటు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. మనకెవరికైనా ఉందా కనుక?

ఫిర్యాదుల పుస్తకం కౌంటరు మీద ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట, నాలుగు వందల పేజీలు, మేకుకు పురికొసతో కట్టేసి ఉంచారు. దానికి ఇంకో పురికొసతో పెన్ను. మొదటి పేజీలో భర్త తన పేరు, తేదీ వేసి "ప్రయాణికుల సేవలో" అని రాసుకున్నాడు. మిగతా మూడు వందల తొంభై తొమ్మిది పేజీలూ తెల్లగా ఉన్నాయి. మేనేజరమ్మ వారానికోసారి ఆ తెల్లదనాన్ని పొడిగుడ్డతో తుడిచి మురిసిపోయేది. పాపం, అదే తన నేరమని ఆవిడకేం తెలుసు.

శాఖ వారి ఉత్తరం ఇలా ఉంది. "ఇందుమూలముగా యావన్మంది వసతి గృహ నిర్వాహకులకు తెలియజేయునది ఏమనగా, ఫిర్యాదు లేని చోట పరిష్కారం లేదు. పరిష్కారం లేని చోట సేవ లేదు. సేవ లేని చోటికి లైసెన్సు అనవసరం. కావున ఈ నెలాఖరులోగా కనీసం పన్నెండు ఫిర్యాదులు, బస చేసిన వారి స్వహస్తాలతో, పేరు, చిరునామా, సంతకం సహితంగా చూపవలెను. చూపజాలని పక్షంలో సదరు గృహం మూసివేయబడును. ప్రజాసేవలో మీ సహకారాన్ని కోరుతూ."

మేనేజరమ్మ దాన్ని మూడుసార్లు చదివి, మరిదికి కబురు పెట్టింది. మరిది ప్లంబరు. అన్నయ్య పోయినప్పటి నుంచి లాడ్జిలో కుళాయి, పంపు, ఫ్యాను, గడియ, ఏది బిగించాలన్నా అతనే. ఉత్తరం చదివి తేలిగ్గా నవ్వేశాడు.

"దీనికింత దిగులెందుకు వదినా? కుడిచేత్తో ఆరు, ఎడంచేత్తో ఆరు నేను రాసి పడేస్తా. ఎదురు లాడ్జివాడు చేసేదేంటి మరి?"

ఎదురు లాడ్జి సంగతి అందరికీ తెలిసిందే. అక్కడ నాలుగు వందల పన్నెండు ఫిర్యాదులు నమోదై, నాలుగు వందల పన్నెండూ పరిష్కారమయ్యాయి. ఉత్తమ స్పందన కలిగిన వసతి గృహమని శాఖవారు ఇత్తడి పలక ఇచ్చారు. ఫిర్యాదులు రాయడానికే అక్కడ ఒక గుమస్తా ఉన్నాడు. ఆరు రకాల దస్తూరీలు అతని సొంతం. ఉదయం కోపంగా, మధ్యాహ్నం మర్యాదగా, సాయంత్రం ఆడవాళ్ల తరఫున రాస్తాడు. నల్లుల గురించి అతను రాసిన పదమూడు పేజీల ఫిర్యాదును పై ఆఫీసులో ఒకరికొకరు చదివి వినిపించుకున్నారట. నల్లులు మాత్రం అక్కడే ఉన్నాయి, పరిష్కారమైన నల్లులుగా.

మేనేజరమ్మ ఒప్పుకోలేదు. "ఆ పుస్తకంలో మీ అన్నయ్య పేరుంది. అందులో అబద్ధం రాయనివ్వను," అంది. అని, రెండు రోజులు ఆలోచించింది. ఫిర్యాదు నిజమైనది కావాలి. నిజమైన ఫిర్యాదుకు నిజమైన లోపం కావాలి. కాబట్టి లాడ్జిని నిజంగానే పాడుచెయ్యాలి. నిజాయితీపరులకు వచ్చే ఆలోచనలు ఇలాగే ఉంటాయి, అందుకే దేశంలో వాళ్ల సంఖ్యను అదుపులో ఉంచారు.

మరిది చేతిలో రెంచి పట్టుకుని హాలు చివరి స్నానాలగది కుళాయి ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్లూ బిగించిన చెయ్యి. వదులు చెయ్యమంటే ఎటు తిప్పాలో దానికి తెలియలేదు. "ఎంత వదులు చెయ్యను వదినా?" అని అడిగాడు. "ఒక ఫిర్యాదుకి సరిపడా," అంది మేనేజరమ్మ. వాషరు ఊడబెరికి జేబులో వేసుకుని, చూడలేక అటు తిరిగిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున్న ఆవిడ పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, కౌంటరు దగ్గర కాచుకుని కూర్చుంది. మొదట దిగినవాడు బీరువాల ఏజెంటు. పదకొండేళ్లుగా నెలకోసారి వచ్చే పాత చుట్టం.

"కుళాయి కాస్త కారుతోందమ్మా. జేబురుమాలు కట్టేశాను. ఉంచెయ్యండి, నాకింకోటి ఉంది," అన్నాడు.

"అయ్యయ్యో, ఎంత ఇబ్బంది పడ్డారో! ఇందులో ఒక్క ముక్క రాయండి."

అతను పుస్తకాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఛ ఛ, దీనికి రాతలెందుకమ్మా? ఒక్క పూట భాగ్యానికి. మనలో మనకి ఇలాంటివా?" అని చేతిసంచి తీసుకుని, పుస్తకానికి దూరంగా గోడవారన నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

సరే, కుళాయి చిన్న విషయం అనుకున్నారు. హాల్లో ఐదో మంచానికి ఒక కోడు తీసేశారు. ఉద్యోగ పరీక్ష రాయడానికి వచ్చిన ఒక అభ్యర్థికి ఆ మంచం దక్కింది. పొద్దున్న చూస్తే కోడు స్థానంలో రెండు లావుపాటి గైడు పుస్తకాలున్నాయి. "నాలుగేళ్లుగా మోస్తున్నానండి. ఇన్నాళ్లకి వీటివల్ల ఒక మనిషికి ఆధారం దొరికింది," అని వాటిని లాడ్జికి బహూకరించి పరీక్షకు వెళ్లిపోయాడు. పై గదిలో ఫ్యాను రెక్క వంచి, లారీ స్టార్టయినట్టు చప్పుడు చేసేలా చేశారు. అందులో దిగిన దంపతులు కిందికి వస్తూనే మేనేజరమ్మ చేతులు పట్టుకున్నారు. "పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా ఆయన గురక వినపడకపోవడం ఇదే మొదటిసారి," అంది ఆ ఇల్లాలు కళ్లనీళ్లతో. వచ్చే నెలకు అదే గది, అదే ఫ్యాను కావాలని చెప్పి మరీ వెళ్లారు.

స్నానాలగది గడియ పీకేస్తే గొడవ తప్పదని మరిది పందెం కట్టాడు. సిగ్గుకు సంబంధించిన విషయం కదా, ఎవరో ఒకరు రాస్తారు అన్నాడు. గడియ పీకేసిన తొలిరోజే బస చేసినవారు తమలో తాము ఒక పద్ధతి పెట్టేసుకున్నారు. లోపలున్నవారు ఆపకుండా పాడాలి. పాట ఆగితే ఖాళీ అని అర్థం. గొంతు లేనివారికి ఎక్కాలు అనుమతించారు. ఒక పెద్దాయన పదమూడో ఎక్కం అందుకుని, పదమూడు ఎనిమిదుల దగ్గర తడబడితే, బయట తువ్వాళ్లతో నిలబడ్డ ఆరుగురూ ఏకకంఠంతో "నూట నాలుగు" అని అందించారు. అంత ఐకమత్యం ఆ లాడ్జిలో మునుపెన్నడూ చూడలేదు.

చివరికి మేనేజరమ్మ తెగించి, ముక్కూ మొహం తెలియని ఇద్దరికి ఒకే మంచం ఇచ్చింది. ఒకాయన కళ్లజోళ్ల వ్యాపారి, ఇంకొకాయన సర్వేయరు. తెల్లారి ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని దిగారు. ఒకరి కాళ్ల దగ్గర ఇంకొకరు తలపెట్టుకుని మాటల్లో పడ్డారట. కళ్లజోళ్లాయన కూతురికీ సర్వేయరు కొడుక్కీ సంబంధం ఖాయమైపోయింది. "మీ చలవే మేనేజరమ్మా! వేరే వేరే మంచాలిచ్చి ఉంటే ఈ పెళ్లి జరిగేదా?" అన్నాడు సర్వేయరు. కాబోయే వియ్యంకులకు పుస్తకం చూపించింది. ఇద్దరూ ఆలోచించి, పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా అందులో రాసుకుని, ఆ కాగితం చింపుకుని వెళ్లారు.

నెలలో ఇరవై రోజులు గడిచాయి. లాడ్జి కిటకిటలాడుతోంది. పూర్వం దుప్పటి నలుగుతుందేమోనని మంచం అంచున ముడుచుకుని పడుకున్నవాళ్లు ఇప్పుడు కాళ్లు బారజాపుకుంటున్నారు. "అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది," అని అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ మాటకు మేనేజరమ్మకు కడుపు మండిపోయేది. పందొమ్మిదేళ్లు ఒళ్లు హూనం చేసుకుని సుఖం అమర్చిపెడితే ఒక్కరూ అనని మాట, నాసిరకం చెయ్యగానే అంటున్నారు. అయినా ఆ కోపాన్ని ఎవరి దగ్గర చెప్పుకుంటుంది?

అటువంటి సమయంలో హెడ్మిస్ట్రెస్ గారు దిగారు. రిటైరై ఆరేళ్లయినా ఆవిడ నడిచొస్తుంటే దారిలో కుక్కలు కూడా వరసలో నిలబడతాయి. రిక్షా అతన్ని తిట్టి, కండక్టరును తిట్టి, మెట్ల మీద ఎండ పడుతోందని ఎండను తిట్టి మరీ లోపలికొచ్చారు. మేనేజరమ్మకు ప్రాణం లేచొచ్చింది. గైడు పుస్తకాల మంచాన్ని పై గది మంచంతో మార్పించి, రెక్క వంగిన ఫ్యాను, గడియ లేని స్నానాలగది, అన్నీ కలిసొచ్చేలా ఏర్పాటు చేసింది. తెల్లారి హెడ్మిస్ట్రెస్ గారు కౌంటరు ముందు నిలబడి, వేళ్లు మడుస్తూ పదిహేడు లోపాలు ఏకరువు పెట్టారు. మేనేజరమ్మ తనూ ఆనందంగా వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. ఏళ్ల తరబడి బిడ్డలు లేనివాళ్లు ఉయ్యాల తెచ్చినట్టుగా పుస్తకం తెచ్చి ముందు పెట్టింది.

హెడ్మిస్ట్రెస్ గారు గళ్లు చూశారు. పేరు. చిరునామా. సంతకం.

"సంతకం కూడా చెయ్యాలా?" అన్నారు, గొంతు సగానికి తగ్గించి. "రేపెవరైనా సాక్ష్యానికి రమ్మంటే? నలభై ఏళ్లు పిల్లలచేత రాయించాను కానీ నేనెప్పుడూ రాయలేదమ్మా. అయినా ఒంటరిగా లాడ్జి నడుపుకుంటున్నావు, నీ కడుపు మీద కొడతానా?"

"కొట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది! రాయకపోతేనే నా కడుపు మీద కొట్టినట్టు. పన్నెండు లేకపోతే మూసేస్తారు. ఉత్తరం చూపిస్తాను రండి," అని మేనేజరమ్మ ఉన్న సంగతంతా చెప్పేసింది.

హెడ్మిస్ట్రెస్ గారు మొత్తం విన్నారు. విని, ఆవిడ బుగ్గ నిమిరి, "ఎంత మంచిదానివే! తప్పులు చెప్పినా ఏడవకుండా కథలు అల్లి నవ్విస్తున్నావు," అన్నారు. తర్వాత పెన్ను తీసుకుని గుండ్రటి అక్షరాలతో "వసతి చాలా బాగున్నది" అని రాసి, సంతకం గడి ఖాళీగా వదిలి, వెళ్లిపోయారు. నెల మొత్తం మీద పుస్తకంలో మిగిలిన రాత అదొక్కటే.

అసలు దెబ్బ ఆ మధ్యాహ్నం తగిలింది. సందు మొదట్లో టీ కొట్టుంది. మేనేజరమ్మ పాలు తీసుకోవడానికి వెళ్తే టీ కొట్టాయన జాలిగా చూశాడు.

"ఏంటమ్మా, మీ లాడ్జి ఇలా అయిపోయింది? పొద్దున్న లేస్తే ఇక్కడ ఇదే గోల. కుళాయంట, ఫ్యానంట, మంచాలంట. పాపం ఆ టీచరమ్మ గంటసేపు తిట్టింది. బీరువాలాయనైతే మీకు పొగరెక్కిందని చెప్పి మరీ వెళ్లాడు."

మేనేజరమ్మ పాలగిన్నె అక్కడే పెట్టి లాడ్జికి పరుగెత్తింది. పురికొస తెంపి, పుస్తకం చంకన పెట్టుకుని మళ్లీ వచ్చింది. బెంచీల మీద ఎనిమిది మంది ఉన్నారు, ఆ రోజు లాడ్జి ఖాళీ చేసినవాళ్లే. ఆవిడ వచ్చేసరికి ఒకతను చెయ్యి ఊపుతూ "అసలిలాంటి లాడ్జిని వదలకూడదండీ, అడిగేవాడు లేకే..." అంటున్నాడు. పుస్తకం బల్ల మీద పెట్టగానే ఆ చెయ్యి గాల్లోనే ఆగి, తల గోక్కుంది. "రాయండి బాబూ. ఇప్పుడన్నదే రాయండి," అంది మేనేజరమ్మ. ఎనిమిది మందీ టీ గ్లాసుల్లోకి చూశారు. ఒకాయన టీ బాగుందన్నాడు. ఇంకొకాయన వాన పడేలా ఉందన్నాడు. బస్సు రాకపోయినా అందరూ బస్సు వచ్చిందంటూ లేచిపోయారు. ఆవిడ ఆ బెంచీ మీదే కూలబడి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చేసింది. టీ కొట్టాయన ఒక టీ ఇచ్చి, ఊరుకోమ్మా, మనుషులంతే, సర్దుకోవాలి అన్నాడు.

నెలాఖరున తనిఖీ అధికారి వచ్చాడు. సన్నగా, నలిగిన కోటుతో, చంకలో ఫైలుతో. నిబంధన ప్రకారం ఒక పూట బస చేసి మరీ నిర్ణయం ప్రకటిస్తాడు. మేనేజరమ్మ అతన్ని పరీక్షగా చూసి, ఆఖరి ఆశ మీద హెడ్మిస్ట్రెస్ గారికిచ్చిన మంచమే ఇచ్చింది. పొద్దున్న స్నానాలగదిలోంచి నిబంధనావళి రెండో అధ్యాయం శ్రావ్యంగా వినిపించింది. అధికారి తల తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"మీకే ఇబ్బందీ కలగలేదా సార్?" అని అడిగింది.

"అబ్బే, అలవాటేనమ్మా. ఆఫీసులో నా కుర్చీకీ మూడే కాళ్లు," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఖాళీ హాలునుద్దేశించి ప్రసంగించాడు. "ప్రజలారా! ఫిర్యాదు అనేది పౌరుడి చేతిలోని దీపం. ఆ దీపం వెలగని ఇంట్లో మన శాఖ చీకట్లో తడుముకుంటోంది. ఈ గృహంలో పందొమ్మిదేళ్లుగా ఒక్క దీపమూ వెలగలేదు. తీవ్ర విచారంతో, పూర్తి ఉత్సాహంతో దీన్ని మూసివేస్తున్నాను." పన్నెండు మంచాలూ నిశ్శబ్దంగా విన్నాయి. మెట్ల దగ్గర నిలబడ్డ మరిది అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, నాలుక కరుచుకున్నాడు.

ప్రసంగం అయ్యాక అధికారి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది.

"మీకో సంగతి చెప్తానమ్మా, ఎక్కడా అనకండి. మా శాఖకీ ఇదే రూలు. మా నిబంధనల మీద జనం నుంచి ఏడాదికి ఒక్క ఫిర్యాదైనా రావాలి. లేకపోతే మేం పని చెయ్యడం లేదని శాఖనే ఎత్తేస్తారు. మూడేళ్లుగా ఒక్కటి లేదు. అందుకే దిళ్లకి నంబర్లెయ్యమన్నాం, ఎవరైనా కోప్పడతారని. వేసేశారు. అద్దంలో చూసుకుంటే రాయమన్నాం. రాసేశారు. గడియారాలు వెనక్కి తిప్పమంటే బస్సులు పోగొట్టుకున్నారు గానీ ఒక్క కార్డు ముక్క రాయలేదు. మొన్న పదిమందిమి కూర్చుని, ఇంతకంటే తలతిక్క రూలు ఉండదనుకుని, ఫిర్యాదులు లేని లాడ్జిల్ని మూసేస్తామన్నాం. దానికైనా తిరగబడతారనుకున్నాం."

మేనేజరమ్మ నోరు తెరిచి వింటోంది. వాషరు జేబులో ఉన్న మరిది కూడా వింటున్నాడు.

అధికారి ఫైల్లోంచి ఒక పచ్చ కాగితం తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఈ రూలు అన్యాయం అని ఒకే ఒక్క వాక్యం రాయండి. కింద పేరు, చిరునామా, సంతకం. ఈ రోజే రూలు రద్దు చేస్తాను, రేపటికి మీ లైసెన్సు మీ చేతికొస్తుంది. నా ఉద్యోగం నాకుంటుంది. లేకపోతే నేను వెళ్లి మా బావమరిది కొట్లో కూర్చోవాలమ్మా." అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మేనేజరమ్మ పెన్ను తీసుకుంది. ఈ నెల రోజులూ ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టిన పెన్నే. కాగితం మీద వంగింది. రాయాల్సిన వాక్యం ఆవిడకు నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పేరు. చిరునామా. సంతకం. రేపు ఎవరైనా సాక్ష్యానికి పిలిస్తే? శాఖ మీద రాసిన ఆవిడ అని నలుగురూ వేలెత్తి చూపిస్తే? అయినా ఎదురుగా కూర్చున్న మనిషి, నలిగిన కోటుతో, పాపం రాత్రంతా మూడు కోళ్ల మంచం మీద పడుకుని, మారుమాటాడకుండా లేచొచ్చాడు. పెన్ను చాలాసేపు కాగితం మీద నిలబడింది. తర్వాత ఆవిడ దానికి మూత పెట్టేసింది.

"ఎందుకులెండి సార్. మీ మీద నేను రాయడమా, ఛ ఛ. మనలో మనకి ఇలాంటివెందుకు? ఏదో సర్దుకుంటాలెండి."

అధికారి ఆశగా మరిది వైపు తిరిగాడు. పన్నెండు అబద్ధాలు రెండు చేతులా రాస్తానన్న మరిది, సొంత పేరుతో ఒక్క నిజం రాయమనేసరికి రెండు చేతులూ నొప్పులని చెప్పి, కుళాయి చూసొస్తానని లోపలికి వెళ్లాడు. అధికారి మొహం వాడిపోయింది. ఆ మొహాన్ని మేనేజరమ్మ వెంటనే గుర్తుపట్టింది. నెల రోజులుగా పొద్దున్నే అద్దంలో చూసుకుని, రిజిస్టరులో నమోదు చేసుకుంటున్న మొహమే అది.

సాయంత్రానికి లాడ్జికి తాళం పడింది. ఈ మూసివేతపై అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా రాయవచ్చని తలుపుకు నోటీసు అంటించి, పక్కనే కాగితాలు, పెన్ను కట్టి వేలాడదీశారు. వియ్యంకులు వచ్చారు, గురకాయన దంపతులు వచ్చారు, బీరువాల ఏజెంటు వచ్చాడు. నోటీసు ఆమూలాగ్రం చదివారు. అయ్యో, లక్షణమైన లాడ్జి అనుకున్నారు. టీ కొట్టు దగ్గర శాఖను కడిగి ఆరేశారు. తర్వాత ఎదురు లాడ్జికి వెళ్లి, పరిష్కారమైన నల్లుల మధ్య పడుకున్నారు. పదిహేను రోజుల తర్వాత చూస్తే తలుపు దగ్గర కాగితాలన్నీ తెల్లగానే ఉన్నాయి. పెన్ను మాత్రం ఎవరో పట్టుకుపోయారు.

మేనేజరమ్మ పద్దెనిమిది దుప్పట్లు మూట కట్టుకుని మరిది ఇంటికి చేరింది. కుట్టుమిషను కాస్త జరిపి చాప పరుస్తూ, "ఇరుకేగానీ సర్దుకుందాం అక్కా," అంది తోడికోడలు. ఆ ఒక్క మాటకు మేనేజరమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది. తోడికోడలి ఆప్యాయతకు కరిగిపోయిందని అందరూ అనుకున్నారు. చాప మీద సరిగ్గా తలపెట్టే చోట పైకప్పు కారుతుంది. ఆ సంగతి ఆవిడ తోడికోడలికి ఇంతవరకూ చెప్పలేదు. టీ కొట్టాయనకు మాత్రం రోజూ చెబుతుంది.

వసతి గృహాల పర్యవేక్షక శాఖను కూడా ఆ నెలలోనే ఎత్తేశారు. అధికారి బావమరిది కొట్లో కూర్చుంటున్నాడు. శాఖ పోయింది కానీ నిబంధనలు పోలేదు. వాటిని రద్దు చెయ్యాల్సిన శాఖ ఇప్పుడు లేదు కదా. కనుక ఈసారి ప్రయాణంలో ఎక్కడైనా దిండు మీద ఎర్రదారంతో అంకె కనిపిస్తే కంగారుపడకండి. అటు తిప్పుకుని పడుకోండి, ఎలాగూ మీరు చేసేది అదే. ఈ కథ మీద అభ్యంతరాలున్నవారు పేరు, చిరునామా, సంతకంతో రాయడానికి ఈ పేజీ అడుగున కాస్త ఖాళీ వదిలాం. రాయకపోతే పోనీండి, మేమూ సర్దుకుంటాం.